రవంత రవంతగా

ఎండిపోయిన పెద్ద కుక్క కంటబడగానే మన ఊళ్లలో చెయ్యి ముందుగా పోయేది అన్నం కుండ దగ్గరికే. వేప్పనపల్లి చుట్టుపక్కల ఏ ఇంట్లో చూసినా ఇంతే. మిగిలిన సంగటి ముద్ద, దాని మీద పాలో పెరుగో, పైన రెండు గరిటెల అన్నం. అది ఆవురావురుమని తింటుంటే చూసేవాళ్ల కళ్లు చెమరుస్తాయి. "ఇంకా రవంత పెట్టక్కా, ఎన్నాళ్లయిందో తిని" అంటుంది పక్కింటావిడ. ఆ జాలి నిజమైనది, దానికి చేతులెత్తి మొక్కుతాను. కానీ వారాల తరబడి పస్తులున్న కుక్క ఆ గిన్నెడు తిండి వల్లే నాలుగో రోజుకు చచ్చిపోవచ్చు. ఆకలిని తట్టుకున్న ఒళ్లు తిండిని తట్టుకోలేకపోతుంది. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. దెబ్బతిన్న ప్రాణికి తిండి గానీ, మందు గానీ, ముద్దు గానీ, స్వేచ్ఛ గానీ అది ఓర్చుకోగలిగినంతే ఇవ్వాలి. మన గుండె ఎంత కరిగిందో దాన్ని బట్టి ఇవ్వకూడదు.

వేప్పనపల్లి మూడు రాష్ట్రాల పొలిమేర. ఇటు కుప్పం, అటు కోలారు సీమ, మనమేమో కృష్ణగిరి జిల్లా. మామిడి తోపుల కాపలాకు, రాతి క్వారీల కాపలాకు, హోసూరు వైపు ఫామ్‌హౌస్‌ల కాపలాకు రాట్‌వైలర్, గ్రేట్ డేన్, అల్సేషన్, రాజపాళయం పిల్లల్ని తెచ్చుకుంటారు. రెండు నెలల పిల్ల ఒళ్లో ఇమిడిపోతుంది. ఏడాది తిరిగేసరికి కొన్ని జాతుల్లో అది నలభై, యాభై కిలోలవుతుంది. దాని తిండి, దాని మందులు, రోజూ దాన్ని నడిపించే మనిషి, ఇవన్నీ భారమనిపిస్తాయి. కాయ దిగిపోయాక తోపులో మనుషులు ఉండరు. కుక్క మాత్రం గొలుసుకే ఉంటుంది. గొలుసు తెంచుకొని రోడ్డెక్కితే లారీ గుద్దుతుంది. దేశవాళీ వీధికుక్కకు చెత్తకుప్ప తెలుసు, పొలం గట్టు తెలుసు, ఏ ఇంటి వాకిట్లో రాత్రి ముద్ద వేస్తారో తెలుసు. గొలుసు మీద పెరిగిన జాతి కుక్కకు ఇవేవీ తెలియవు. అందుకే అది వీధికుక్క కన్నా తొందరగా నీరసించిపోతుంది.

పైగా దాన్ని చూస్తే జనానికి భయం. 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 జాతుల కుక్కల పెంపకం, అమ్మకం ఆపించమని రాష్ట్రాలకు లేఖ రాసింది. సంబంధించినవాళ్లతో సంప్రదించలేదని కర్ణాటక హైకోర్టు ఏప్రిల్ 10న దాన్ని కొట్టేసింది. లేఖ పోయింది గానీ భయం పోలేదు. రాట్‌వైలర్ అనే పేరు వింటే చాలు, కాలు విరిగి పడున్నా దగ్గరికి పోయేవాళ్లు ఉండరు. ఇక చట్టం సంగతి. జంతువులపై క్రూరత్వాన్ని నిరోధించే 1960 చట్టం 11వ సెక్షన్ కింద కుక్కను అదేపనిగా గొలుసుతో కట్టేసి ఉంచడమూ, వదిలేసి పోవడమూ నేరాలే. మొదటిసారి నేరానికి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల వరకు. ఆ అంకె దశాబ్దాలుగా మారలేదు. నాకది సిగ్గుచేటుగా అనిపిస్తుంది. అయితే కావాలని కొట్టి అవిటిదాన్ని చేసినా, విషం పెట్టినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ వర్తిస్తుంది, అయిదేళ్ల దాకా శిక్ష పడొచ్చు. కాబట్టి కుక్కను కదిలించకముందే నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి పెట్టుకోండి. మెడలో గొలుసుంటే దాన్నీ, పడి ఉన్న చోటునూ తీయండి. తరువాత ఫిర్యాదు చేసినా, యజమాని వచ్చి నాది నాకిచ్చెయ్యమన్నా అవే సాక్ష్యం.

మొదటి గంట

దగ్గరికి పోయేముందు దూరంగా నిలబడి అయిదు నిమిషాలు చూడండి. చొంగ కారుతోందా, నీళ్లు మింగలేకపోతోందా, కింది దవడ వేలాడుతోందా, గొంతు మారిందా, వెనక కాళ్లు తూలుతున్నాయా? ఇవి రేబిస్ లక్షణాలు కావచ్చు. పిచ్చి కుక్కంటే అందరి మీదా పడి కరిచేదే అనుకుంటాం. రేబిస్‌లో మూగరకం కూడా ఉంది. ఆ కుక్క నీరసంగా, దీనంగా, గొంతులో ఎముక అడ్డం పడ్డట్టు కనిపిస్తుంది. జాలిపడి నోట్లో చెయ్యి పెట్టినవాళ్లకు ప్రాణం మీదికొస్తుంది. అనుమానం ఏ కొంచెమున్నా ముట్టుకోకండి, పశువైద్యుణ్ణి పిలవండి. పన్ను గీరినా, గాయం మీద చొంగ పడినా సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి పోవాలి. మొదటి సూది ఆ రోజే వేయించుకోవాలి. రక్తం వచ్చేలా కరిస్తే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేస్తారు. మన తమిళనాడులోనే కూనూరులో 1907 నుంచీ పాశ్చర్ సంస్థ ఈ జబ్బు మీద పనిచేస్తోంది. లక్షణాలు మొదలయ్యాక కాపాడే మందు మాత్రం నేటికీ లేదని చెప్పాలి. ఇలాంటి పని తరచూ చేసేవాళ్లు కరవకముందే టీకాలు వేయించుకొని ఉండడం మంచిది.

రేబిస్ అనుమానం లేకపోతే పక్కగా తిరిగి, కళ్లలోకి చూడకుండా, మెల్లగా మాట్లాడుతూ దగ్గరికి పోండి. నొప్పితో ఉన్న కుక్క ఎంత మంచిదైనా కరుస్తుంది, అది దాని తప్పు కాదు. పాత చీర పేలిక మూతి చుట్టూ తిప్పి గడ్డం కింద ముడివేసి చెవుల వెనక కట్టొచ్చు. వాంతి చేసుకుంటున్నా, ఊపిరికి ఆయాసపడుతున్నా మూతి కట్టకూడదు. కాళ్లు పట్టి ఎత్తకండి. వెన్ను విరిగి ఉంటే ఆ ఎత్తడంలోనే మిగిలిన నరం కూడా తెగిపోతుంది. దుప్పటి పరిచి దాని మీదికి జరిపి, ముగ్గురు నలుగురు నాలుగు చెంగులూ పట్టుకొని వెడల్పాటి పలక మీదికి చేర్చి, టాటా ఏస్‌లో పడుకోబెట్టండి. పశువుల సంచార వైద్య వాహనానికి ఇక్కడైనా, ఆంధ్రలోనైనా, కర్ణాటకలోనైనా నంబరు ఒకటే, 1962. ఆ సేవ ముఖ్యంగా పాడి పశువుల కోసం పెట్టింది. అయినా అడగడంలో తప్పు లేదు. ఎముకల ఆపరేషన్ అవసరమైతే బెంగళూరు హెబ్బాళ పశువైద్య కళాశాలకో, నామక్కల్ పశువైద్య కళాశాలకో పోవాల్సి రావచ్చు.

ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర మాత్రం వేయకండి. మనకు పనికొచ్చే ఐబుప్రొఫెన్ కుక్క కడుపులో పుండ్లు పెడుతుంది, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

మూడు గుడ్ల రోజు

ఇప్పుడు తిండి దగ్గరికి వద్దాం. ఎక్కువ ప్రాణాలు పోయేదీ, నిలిచేదీ ఇక్కడే.

పస్తులున్నప్పుడు ఒళ్లు పిండిపదార్థాల మీద బతకడం మానేసి తన కొవ్వునూ కండనూ తానే కరిగించుకుంటుంది. కణాల్లో ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం తరిగిపోతాయి. రక్తపరీక్షలో మాత్రం అవి మామూలుగానే కనిపించవచ్చు. ఆ స్థితిలో గిన్నెడు అన్నమో సంగటో పడితే ఒక్కసారిగా చక్కెర పెరిగి ఇన్సులిన్ పొంగుతుంది. ఆ ఇన్సులిన్ రక్తంలో మిగిలిన ఖనిజాలను కూడా కణాల్లోకి లాగేస్తుంది. ఫాస్ఫరస్ పడిపోతే ఎర్ర కణాలు పగులుతాయి, ఊపిరి కండరాలు సడలుతాయి, గుండె లయ తప్పుతుంది. ఇది మొదటి పూట కనిపించదు. రెండో రోజు నుంచి అయిదో రోజు లోపల కుక్క వణుకుతుంది, తూలుతుంది, నిస్త్రాణగా వాలిపోతుంది. "బాగా తింటోంది కదా, ఏమైంది?" అని అందరూ అయోమయపడేది అప్పుడే.

మనుషులకూ ఇదే జరిగింది. 1945 ఏప్రిల్‌లో జర్మనీలోని బెర్గెన్-బెల్సెన్ నిర్బంధ శిబిరంలోకి అడుగుపెట్టిన బ్రిటిష్ సైనికులు అస్థిపంజరాల్లా ఉన్న ఖైదీలను చూసి తట్టుకోలేక తమ తిండి వాళ్లకు పెట్టారు. ఆ కొవ్వు మాంసం తిని ఎందరో ఒరిగిపోయారు. తరువాత వైద్యులు 1943 బెంగాల్ కరవులో వాడిన తియ్యటి మిశ్రమాన్ని తెప్పించి రవంత రవంత తాగించడం మొదలుపెట్టారు. తీపి మరీ ఎక్కువై చాలామందికి అదీ సహించలేదు. ఆ సైనికులు దయలేనివాళ్లు కారు. వాళ్ల దయ ఆ ఒళ్లకు ఎక్కువైపోయింది.

మరి ఎంత పెట్టాలి? నలభై కిలోలుండాల్సిన కుక్క 28 కిలోలకు దిగిపోయిందనుకుందాం. కదలకుండా పడుకొని ఉన్నా దానికి రోజుకు సుమారు 850 కేలరీలు కావాలి. మొదటి రోజు అందులో నాలుగో వంతే పెట్టాలి. అంటే రోజు మొత్తానికీ కలిపి దాదాపు మూడు ఉడికించిన కోడిగుడ్లు. వాటినీ మెదిపి, నాలుగు నుంచి ఆరు సార్లుగా. రెండో రోజు సగం, మూడో రోజు ముప్పావు, నాలుగో రోజుకు పూర్తి లెక్క. డాక్టరు ఇంకా నెమ్మదిగా పొమ్మంటే ఇంకా నెమ్మదిగానే పోవాలి. గుడ్డు, చర్మం తీసి ఉడికించిన కోడిమాంసం వంటివి ఎక్కువగా, అన్నం, సంగటి చాలా తక్కువగా ఉండాలి. పాలు వద్దు, ఆ కడుపుకు విరేచనాలవుతాయి. నీళ్లు దగ్గరే ఉంచండి గానీ బక్కెట్టు ముందు పెట్టకండి, చిన్న గిన్నెతో మళ్లీ మళ్లీ ఇవ్వండి. మొదటి పూటకు ముందే బి1 విటమిన్ సూది వేయిస్తే మేలు, డాక్టరును మీరే అడగండి.

మూడు గుడ్లు పెట్టి ఆపడం ఎంత కష్టమో చేసినవాళ్లకు తెలుస్తుంది. అది గిన్నె నాకుతూ మీ మొహంలోకి చూస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు కోప్పడతారు, పిల్లలు చాటుగా బిస్కెట్లు వేస్తారు. అందుకే గోడ మీద కాగితం అంటించండి. ఏ వేళకు ఎంత పెట్టారో, ఎవరు పెట్టారో పెట్టినవాళ్లే రాయాలి. నిగ్రహం ఒక్కరి మనసులో ఉంటే సాయంత్రానికి కరిగిపోతుంది, కాగితం మీద ఉంటే ఇంటిల్లిపాదీ దానికి కట్టుబడతారు. బరువు వారానికోసారి మామిడికాయల మండీ కాటా మీద చూడొచ్చు.

కోలుకున్న తరువాత కూడా పెద్ద ఛాతీ ఉన్న గ్రేట్ డేన్ లాంటి కుక్కలకు రోజు తిండంతా ఒకే పూట పెట్టకూడదు, తిన్న వెంటనే పరుగెత్తించకూడదు. కడుపు ఉబ్బి మెలిపడితే కొన్ని గంటల్లోనే ప్రాణం పోతుంది. పొట్ట డోలులా బిగిసి, వాంతి రాకుండా ఊరికే వోకరిస్తుంటే తెల్లారేదాకా ఆగకండి.

పుండ్లు, పడక

మెడ పెరిగినా గొలుసు మార్చకపోతే అది చర్మాన్ని కోసుకుంటూ లోపలికి దిగిపోతుంది. పైన బొచ్చు కప్పేయడంతో కనబడదు, వాసన వస్తుంది. దాన్ని ఇంట్లో లాగొద్దు. మత్తిచ్చి డాక్టరే తీయాలి. పురుగులు పడ్డ పుండులో కిరసనాయిలు పోయడం, గజ్జికి లారీల పాత ఆయిలు పూయడం మన వైపు పాత అలవాట్లు. కుక్క వాటిని నాకుతుంది, అవి చర్మం గుండా కూడా లోపలికి పోతాయి. బొచ్చు కత్తిరించి, కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో 9 గ్రాముల ఉప్పు కలిపి కడగండి. మిగిలింది డాక్టరుకు వదిలేయండి. పిడుదులు ఉన్నాయంటే రక్తపరీక్ష తప్పదు. చిగుళ్లు పాలిపోయి, జ్వరం ఉంటే పిడుదుల జ్వరం కావచ్చు. అది ఎర్లీకియా అనే రకమని తేలితే డాక్సీసైక్లిన్ సాధారణంగా 28 రోజులు ఇస్తారు. వారానికే లేచి తిరుగుతోందని మధ్యలో ఆపకండి. ఇంట్లో వేరే కుక్కలుంటే రెండు వారాలైనా దీన్ని విడిగా ఉంచండి.

పెద్ద కుక్కకున్న ప్రత్యేకమైన కష్టం దాని బరువే. లేవలేక ఒకే పక్క పడుకుంటే మోచేతుల దగ్గర, తుంటి దగ్గర చర్మం నలిగి ఎముక దాకా పుండ్లు పడతాయి. గోనె సంచుల్లో ఎండు రాగిగడ్డి మందంగా కూరి పరుపులా వేయండి. తడిస్తే వెంటనే మార్చండి, తడి పడక ఆకలి కన్నా చెడ్డది. నాలుగు గంటలకోసారి పక్క మార్చాలి, రాత్రి కూడా. డాక్టరు సరేనన్నాక వెనక పొట్ట కింద తువ్వాలు వేసి రెండు అంచులూ పట్టుకొని నిలబెట్టండి. మొదట నిలబడితే చాలు. కాళ్లను మెల్లగా ముడిచి చాపడం పూటకు పదిసార్లు. నేల నున్నటి టైల్స్ అయితే గోనెపట్టలు పరవండి. ఒకసారి జారి పడ్డ పెద్ద కుక్క మళ్లీ లేవడానికి భయపడుతుంది.

తనంతట తాను

ఆ భయం గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి.

1967లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ కుక్కలపై ప్రయోగాలు చేశారు. ఏం చేసినా తప్పించుకోలేని విద్యుత్ షాకులకు కొన్నింటిని గురిచేశారు. ఆ తరువాత చిన్న అడ్డు దూకితే తప్పించుకోగలిగే పెట్టెలో పెట్టినా వాటిలో చాలా భాగం దూకలేదు, మూలుగుతూ పడుకున్నాయి. ఆ క్రూరత్వాన్ని నేను సమర్థించను. కానీ వాటి బాధతో వచ్చిన జ్ఞానాన్ని వృథా చేయడం ఇంకా తప్పు. ఆ ప్రయోగాలతో "నేర్చుకున్న నిస్సహాయత" అన్న మాట మనస్తత్వశాస్త్రంలో స్థిరపడింది. దాదాపు యాభై ఏళ్ల తరువాత, 2016లో, ఆ ఇద్దరే తమ సిద్ధాంతాన్ని తిరగరాశారు. ఎడతెగని బాధలో చతికిలబడడం మెదడు సహజంగా చేసే పనేననీ, దాన్ని ఎవరూ నేర్పనక్కర్లేదనీ తేల్చారు. ప్రాణి నేర్చుకోవాల్సింది మరొకటి. నేను ఒక పని చేస్తే ఒక ఫలితం వస్తుందన్న ఎరుక.

గొలుసు మీద బతికిన కుక్కకు ఆ ఎరుక ఉండదు. మొరిగినా, కుంయ్ మన్నా, అటూ ఇటూ తిరిగినా ఏదీ మారలేదు. అలాంటిదాన్ని ఇంటికి తెచ్చి చుట్టూ చేరి ఒళ్లు నిమురుతూ కౌగిలించుకుంటే దాని దృష్టిలో అది కూడా తప్పించుకోలేనిదే. కదలకుండా పడుంటే "ఎంత నెమ్మదో చూడు" అంటాం. అది నెమ్మది కాదు.

కాబట్టి దానికి చిన్న చిన్న ఎంపికలు ఇవ్వండి. మూల గదిలో పడక వేసి తలుపు తెరిచి ఉంచండి, బయటికి రావాలో వద్దో అదే తేల్చుకుంటుంది. కాస్త దూరంలో పక్కకు తిరిగి కూర్చొని మీ పని మీరు చేసుకోండి. దగ్గరికి వస్తే మెడ కింద మూడు లెక్కపెట్టేంత సేపు నిమిరి చెయ్యి తీసేయండి. మళ్లీ ఆనుకుంటే ఇంకొంచెం. జరిగిపోతే అంతటితో చాలు. గుర్రుమంటే కొట్టొద్దు, తిట్టొద్దు. "నాకు భయంగా ఉంది" అని చెప్పడానికి దానికున్న భాష అదే. దాని నోరు మూయిస్తే ఇకమీదట చెప్పకుండా కరుస్తుంది. తిండీ నడకా రోజూ ఒకే వేళకు ఉండాలి. సంక్రాంతి తరువాత మన జిల్లాలో ఎద్దుల పండగలు మొదలవుతాయి, ఆ డప్పులకూ కేకలకూ, దీపావళి టపాకాయలకూ కోలుకున్న కుక్క కూడా బెదిరి పారిపోతుంది. ఆ రోజుల్లో దాన్ని లోపలి గదిలో ఉంచండి.

అంత నరకం చూసిన కుక్క మళ్లీ మనుషుల్లో పడుతుందా అని అడుగుతారు. 2007లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు మైకేల్ విక్ వర్జీనియాలో నడిపిన కుక్కల పందేల స్థావరం నుంచి 51 పిట్‌బుల్ రకం కుక్కలను స్వాధీనం చేసుకున్నారు. ఇలాంటివాటిని చంపేయడమే మేలని పేరున్న జంతు సంక్షేమ సంస్థలే అన్నాయి. కోర్టు మాత్రం ఒక్కో కుక్కనూ విడివిడిగా పరీక్షించమంది. దూకుడు వల్ల చంపక తప్పనిది ఒక్కటే తేలింది. ఇరవై రెండింటిని యూటాలోని బెస్ట్ ఫ్రెండ్స్ శరణాలయం తీసుకుంది. చాలావాటికి ఇళ్లు దొరికాయి. కొన్నింటికి మెట్లెక్కడమే కొత్త. వాటి పోషణకు విక్ చేతే 9 లక్షల డాలర్లకు పైగా కట్టించారు. జాతిని బట్టి కాదు, ఎదురుగా ఉన్న ఈ ఒక్క కుక్కను చూసి నిర్ణయించాలని నేను నమ్మడానికి ఆ కేసు పెద్ద ఆధారం.

ఉద్యోగం పోయి, జబ్బు చేసి, ఇల్లు చెదిరి కుంగిపోయిన మనిషి దగ్గరా, ఓర్చుకోగలిగినదానికి మించి ఇచ్చే ఈ ధోరణే మనది. సలహాలు, డబ్బు, పలకరింపులు ఒక్కసారిగా కుమ్మరించి, వారం తిరక్కుండానే "ఇంకా లేవలేదా?" అంటాం. ఆ మనిషి చేత ఒక చిన్న పని పూర్తి చేయించగలిగితే అన్ని సలహాలకూ అది సాటి.

మీ వంతు

కాపాడేవాళ్ల ఓపికకూ హద్దుంది. నలభై కిలోల ప్రాణిని రాత్రింబవళ్లు ఒక్కరే తిప్పి పడుకోబెట్టలేరు. మొదటి రోజే ముగ్గురు నలుగురిని కూర్చోబెట్టి రాత్రి వంతు ఎవరిది, డాక్టరు దగ్గరికి ఎవరు పోతారు, ఖర్చు ఎవరు ఎంత పెట్టుకుంటారు అని మాట్లాడుకోండి. శరణాలయంలో వదిలేస్తే సరిపోతుందని అనుకోకండి. చెన్నైలోని బ్లూ క్రాస్ గానీ, నటి అమల హైదరాబాదులో 1992లో నెలకొల్పిన బ్లూ క్రాస్ గానీ ఎంత సేవ చేస్తున్నా, వచ్చే ప్రాణులు ఎన్నో, ఉండే చోటు కొంతే. ముందు ఫోను చేసి అడిగి పోండి. వందల కుక్కల అరుపుల మధ్య కన్నా ఒక ఇంటి వెనక షెడ్డులో భయపడ్డ పెద్ద కుక్క తొందరగా తేరుకుంటుంది.

ఒక్కోసారి అన్నీ చేసినా ఒళ్లు లేవదు. వెన్నుపాము తెగి, పుండ్లు మానక, తిండి మాని, నొప్పి మందులకు లొంగకపోతే నొప్పి లేకుండా వెళ్లనివ్వమని డాక్టరే చెబుతారు. ఇద్దరు డాక్టర్ల మాట తీసుకోండి. సూది వేసేటప్పుడు అలవాటైన మనిషి తల దగ్గర కూర్చోవాలి. దాన్ని ఓటమిగా లెక్క వేసుకోవద్దు.

కోలుకుంటే, అది మళ్లీ గొలుసుకు ఇవ్వడానికి కాదు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్, టీకాలు అయ్యాకే కొత్త ఇంటికి పంపండి. "కాపలాకు కావాలి" అని మాత్రమే అడిగేవాళ్లకు ఇవ్వకండి. ఎక్కడ పడుకుంటుంది, పగలు ఇంట్లో ఎవరుంటారు, నెలకు ఎంత ఖర్చు పెట్టగలరు అని మొహమాటం లేకుండా అడగండి. కొత్తవాళ్లను రెండు మూడు సార్లు మీ ఇంటికే రప్పించి వాళ్ల చేత్తోనే తిండి పెట్టించండి. పంపేరోజు దాని గిన్నె, దాని గోనెపట్ట, గోడ మీది కాగితాలు, మందుల చీటీలు అన్నీ వెంట ఇవ్వండి. మొదటి నెల అవే వేళలకు, అదే తిండి పెట్టాలి. కుదరకపోతే తిరిగి మీకే ఇవ్వాలని, ఇంకెవరికీ దాటించకూడదని కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. నెల తిరిగాక ఒకసారి పోయి, మెడ కింద వేలు పెట్టి పట్టీ బిగిసిందేమో చూసి రండి.